ఒకటిన్నర ఆవు

బక్కావును కొనడానికి బేరగాడు ఆ సాయంత్రమే వస్తాడనగా, పశువుల డాక్టరమ్మ పరీక్ష ఫలితం పట్టుకొచ్చింది. మూత్రంలోని పదార్థాలను కొలిచి, ఆవు ఎంత మేత తిన్నదో చెప్పే పరీక్ష అది.

“మీరు వేసేదాంట్లో ఇది సగమే తింటోంది.”

“మరి రెండావులు తినే గాడి నాకేసినట్టు ఖాళీ అవుతోందే?” అన్నాడు ఆసామి.

“పక్కావు ఒకటిన్నర ఆవు మేత తింటోంది.”

ఆసామి గతుక్కుమన్నాడు. బేరగాడికి రావద్దని ఫోన్ చేసి, బక్కావును దూరంగా కట్టి మేత వేశాడు. అది తలెత్తకుండా తింటోంది.

“పక్కది లాక్కుంటోందని ఏడాదిగా మొత్తుకుంటున్నా” అంది భార్య. “నా మాటకంటే ఆవు ఉచ్చకే విలువన్నమాట!”

అతను తల గోక్కున్నాడు.

“నేను వినిపించుకోనివి ఇంకేమున్నాయే?”

“నిలబడి వినేటన్ని కాదు. కూర్చోండి.”