తాబేలు వీపు మీద గీతలు

ఎంత పాత సంగతంటే, అప్పటికి చందమామకు ఇంకా పాలపళ్లే. చీనా దేశంలో పసుపు నీళ్ల ఏరొకటి ఉండేది. అందులో ఒక్క మునక వేస్తే కాకి కూడా పెళ్లికూతురిలా తేలేది.

ఆ ఒడ్డున జంతువులు కొర్రలు పండించి పాతర్లలో దాచుకునేవి. ఏటా వరదొచ్చి పాతర్లన్నీ ఊడ్చుకుపోయేది. వరద ఎప్పుడొస్తుందో తెలుసుకోడానికి పెద్ద ఎలుగుబంటి తాబేలు డొప్పను నిప్పుల్లో కాల్చి, పగుళ్లు చూసి జోస్యం చెప్పేది. అలా కోటి తాబేళ్లు అయిపోయి, చివరికి ఒక్కటే మిగిలింది.

దాన్నీ నిప్పుల దగ్గరికి ఈడ్చుకొస్తే, అది నింపాదిగా అడిగింది. "ఎలుగు మామా, నీ జోస్యం ఒక్కసారైనా నిజమైందా?"

"లేదనుకో. కానీ పోయినేడు వరద ఎప్పుడొచ్చిందో ఎవరికి గుర్తుంటుందే?"

"నా వీపుకు గుర్తుంటుంది. వానకోయిలలు వచ్చిన నాటి నుంచి వరద వచ్చేదాకా రోజుకో గీత గీయించు. వచ్చే ఏడు ఆ లెక్క తప్పితే నన్ను కాల్చుకో."

ఆ ఏడూ పాతర్లు పోయాయి గానీ, ముళ్లపంది తన ముల్లుతో నలభై గీతలు గీసిపెట్టింది.

మరుసటేడు వానకోయిలలు వచ్చిన ముప్పై తొమ్మిదో రోజున జంతువులన్నీ కొర్రలను మిట్ట మీదికి మోశాయి. తెల్లారేసరికి కొండలు ముక్కు మూసుకునేంత వరద వచ్చింది. ఒక్క గింజ తడవలేదు.

ఎలుగుబంటి కడవెడు కొర్రజావ తాగి మూతి తుడుచుకుంది. "నీ వీపు మీద ఇంకా ఏమేం రాసుకోవచ్చే?"

తాబేలు ముళ్లపంది వైపు వీపు తిప్పింది. "ముందు ఇది రాయించు మామా. తాబేళ్లను కాల్చరాదు."