తూర్పు ద్వారం

మూడో రోజు కూడా వడ్రంగి అన్నం పళ్ళేన్ని కాలితో తోసేశాడు.

గదికి ఒకటే తలుపు. గడియ బయట. కిటికీకి ఇనుప జాలీ. ఊళ్ళో ప్రబలిన జ్వరం సోకినవాళ్ళని ఆసుపత్రి వెనక గదుల్లో ఒక్కొక్కరినీ ఇలా పెట్టి మూసేస్తున్నారు. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పరు. బతుకంతా తలుపులు చేసినవాడు పొద్దున అదే తలుపుకి తల బాదుకున్నాడు. బిగించినవాడెవడో పనిమంతుడు. నుదురు బొప్పి కట్టింది గానీ చెక్క కదల్లేదు.

మధ్యాహ్నం గడియ చప్పుడైంది. చంకలో దుప్పటితో ఒక పెద్దాయన లోపలికొచ్చాడు. వెనకాలే తలుపు పడింది.

"బైబిలు బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. మాస్టారంటారు. నువ్వో?" అన్నాడు, రెండో మంచం దులుపుకుంటూ.

"వడ్రంగిని."

"ఇంకేం! నాకో చిక్కు విప్పిపెట్టు. యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలో ఓ ఆలయాన్ని చూశాడు. మంటపం వాకిలి పద్నాలుగు మూరలు. దాని లోపలిది పది. ఇంకా లోపలిది ఆరు. ఎందుకలా?"

"పోనుపోను ఇరుకేగా. ఈ గదిలాగే ఏడ్చింది" అంటూ వడ్రంగి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కానీ బుర్ర ఊరుకోదు కదా. కాసేపటికి లేచి, పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ ప్రవక్త ఎక్కడుండి చూశాడు మాస్టారూ?"

"చెరలో. మనకంటే అన్యాయం. పాతికేళ్ళు."

మందుచీటీల వెనక ఇద్దరూ ప్లాను గీశారు. ఎత్తు ఆరు మూరలు, మందమూ ఆరు మూరలే ఉన్న గోడ దగ్గర వడ్రంగి పడీపడీ నవ్వాడు. "అది గోడా, అరుగా?"

అన్ని రోజులూ అలా గడవలేదు. ఒక్కోసారి వడ్రంగికి గోడలు మీదికొస్తున్నట్టు ఉండేది. ఊపిరాడక కేకలు పెట్టేవాడు. మాస్టారి ఒళ్ళోనే కక్కుకునేవాడు. ఆయన కడిగి, తుడిచి, చెయ్యి పట్టుకుని, ఆలయం గడప కింద నుంచి నీళ్ళు పారడం చెప్పేవాడు. చీలమండల లోతు, మోకాళ్ళ లోతు, నడుం లోతు. ఈదితే తప్ప దాటలేని లోతు వచ్చేసరికి వడ్రంగికి నిద్ర పట్టేది.

ఆయనకి మాత్రం దగ్గు లేదు, నీరసం లేదు. "మీది మరీ మెతక జ్వరం మాస్టారూ" అని వడ్రంగి కుళ్ళుకునేవాడు.

ఓ సాయంత్రం తూర్పు ద్వారం దగ్గరికొచ్చారు. అది ఎప్పటికీ మూసే ఉంటుందన్నాడు మాస్టారు.

వడ్రంగికి ఒళ్ళు మండింది. "మూసి పెట్టడానికైతే ద్వారమెందుకు? గోడ కట్టేస్తే పోయేదిగా!"

"అది ఎవర్నీ ఆపడానికి మూసింది కాదు నాయనా. దేవుడు ఆ దారినే లోపలికొచ్చాడు. అందుకని మూశారు."

"లోపలున్నవాడికి అది జైలేగా?"

"లోపల ఇంకెవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. మా క్రైస్తవులకి ఆ ఆలయం రాయీ చెక్కా కాదు, ఒక మనిషి."

ఆ మాట వడ్రంగికి అంతుపట్టలేదు. అడుగుదామనుకునేలోగా నిద్రొచ్చింది.

పన్నెండో రోజుకి అతని జ్వరం దిగింది. ఆ రోజే మాస్టారు మంచం దిగలేదు. మూడు రోజులకి గొంతు కూడా పోయింది. ఇప్పుడు నీళ్ళు తాగించేది, మూరలు చెప్పేది వడ్రంగే.

పదిహేడో రోజున సిస్టర్ తలుపు తీసి, "నీకు తగ్గిపోయిందన్నా, ఇంటికెళ్ళు" అంది.

పదిహేడు రోజులుగా ఎదురుచూసిన మాట. తీరా వినేసరికి వెనక్కి తిరిగి రెండో మంచం వైపు చూశాడు. మాస్టారి కళ్ళు మూతలు పడి ఉన్నాయి. ఛాతీ పిల్లికూతలు కూస్తోంది.

వరండాలోకి వచ్చాక వడ్రంగి ఆగలేకపోయాడు. "ఇద్దరిదీ ఒకే జబ్బు కదా సిస్టర్, నన్ను వదిలేసి ఆయన్నే ఇలా పట్టుకుందేం?"

సిస్టర్ గడియ మీద చెయ్యి అలాగే ఉంచి అంది: "తిండి మానేసి తలుపుకి తల బాదుకుంటున్నావని విని, నీకు తోడుంటానని సంతకం పెట్టి లోపలికొచ్చిన రోజున ఆయనకి ఏ జబ్బూ లేదన్నా."