జాబితాలో పోయిన పేరు

"పక్కింటి వైఫై కొట్టేయడానికి కొత్త కార్డా మాస్టారూ?" అని నోటిదాకా వచ్చింది కంప్యూటర్లు బాగుచేసే బయ్యూమీకి. మింగేశాడు. చిన్నప్పుడు తనకు లెక్కలు చెప్పిన వజ్దీ మాస్టారిని అంత మాట అనడానికి నోరెలా వస్తుంది?

బాల్కనీ పక్కన బల్ల మీద మాస్టారి ల్యాప్‌టాప్‌ని బోర్లా పెట్టి బ్యాటరీ ఊడదీశాడు. పదమూడేళ్ల నాటిది. మరలన్నీ తుప్పు పట్టాయి. అలెగ్జాండ్రియా సముద్రపు గాలికి తుప్పు పట్టనిదేముంది!

"మీ ఇంట్లో ఇంటర్నెట్ బాగానే వస్తోంది కదండీ. ఇంకా ఎందుకీ తంటా?"

"చెప్పాను కదటోయ్. వైఫై జాబితాలో ఒక పేరు కనిపించేది. ఇరవై రోజులుగా లేదు."

"ఎవరిదో నెట్టు కనిపించకపోతే మనకేం నష్టం?"

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు.

"వాళ్లు రౌటర్ మార్చి ఉంటారు. కొత్తవి వేరే తరంగం మీద నడుస్తాయి. మీ పాత కార్డుకి అది అందదు."

"అంతే అంటావా? వేరే కారణం ఉండదంటావా?"

వచ్చినప్పట్నుంచీ ఇది మూడోసారి అడగడం.

"అంతేనండీ బాబూ! కార్డు మారిస్తే తేలిపోతుంది."

తేలిపోతుందనగానే ఆయనకి భయం వేసినట్టుంది. టార్చి తెస్తానంటూ లేచి లోపలికి వెళ్లిపోయారు.

టీ గ్లాసుతో వచ్చిన మాస్టారి భార్య రౌహియా గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకు నాయనా. ఈయన పట్టు పట్టారంటే అంతే. చెప్పకుండా నాన్నగారి పడవ అమ్మేశాడని సొంత అన్న మీద తలాక్ ఒట్టు వేసుకున్న మనిషి! అన్న గడప తొక్కినా, కబురు అడిగినా, ఎవరైనా చెబితే విన్నా, నేను ఈయనకి పెళ్లాన్ని కానట. పడవ అమ్మింది ఆయన, ఒట్టు వేసింది ఈయన, మధ్యలో నా కాపురానికా ఎసరు? పదకొండేళ్లుగా ఈ ఇంట్లో ఆయన పేరెత్తితే ఒట్టు."

"ఇదెక్కడి చోద్యం అమ్మా!" అని నవ్వాడు బయ్యూమీ.

"ఇప్పుడేమో ఈ కార్డు పిచ్చి. ఇరవై రోజులుగా పొద్దున పూట ముద్ద ముట్టడం లేదు. చేసిన ఫూల్ గింజల కూర చేసినట్టే చల్లారిపోతోంది."

అడుగుల చప్పుడు వినగానే ఆవిడ గబుక్కున వంటింట్లోకి వెళ్లిపోయింది.

మాస్టారు టార్చి పట్టుకుంటే బయ్యూమీ పాత కార్డు నుంచి నల్ల తీగ, తెల్ల తీగ నెమ్మదిగా ఊడదీశాడు. "ఈ కంపెనీ పాత యంత్రాలకి పొగరెక్కువండీ. పరాయి కార్డు పెడితే ఆన్ అవనని మొండికేస్తాయి. అందుకే దీని తోబుట్టువులోంచి పీకిన కార్డే తెచ్చాను."

తోబుట్టువు అనగానే టార్చి వెలుగు కాస్త పక్కకి జరిగింది. "సరిగ్గా పట్టండి మాస్టారూ," అని కసురుకుని, తీగలు రెండూ కొత్త కార్డుకి నొక్కి, మరలు బిగించాడు.

యంత్రం మొండికేయలేదు. జాబితా తెరుచుకుంది.

"చూశారా! పాతదానికి ఆరు పేర్లు. దీనికి పదిహేడు!"

మాస్టారు తెర మీద పైనుంచి కిందదాకా వేలితో వెతికారు. ఆయన మొహం వాడిపోయింది.

"లేదోయ్. టైమెంతయింది?"

"తొమ్మిదికి పది తక్కువ."

"అయితే ఆగుదాం. తొమ్మిదింటికి వస్తుంది."

దొంగతనానికి కూడా వేళాపాళా ఉందన్నమాట అనుకున్నాడు బయ్యూమీ. "రౌటర్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కదండీ. తొమ్మిదింటికి రావడమేంటి?"

"కొందరు పడుకునే ముందు ఇంట్లో మీటలన్నీ కట్టేసి, మళ్లీ పొద్దున వేస్తారు. ఒంటరిగా ఉండేవాళ్లకి నిప్పంటే భయం."

తొమ్మిదయింది. తొమ్మిదీ పది కూడా అయింది. మాస్టారి పెదవులు ఏదో జపిస్తున్నాయి. మొహంలో నెత్తుటి చుక్క లేదు. బయ్యూమీకి జాలేసింది. ఇంతోటి నెట్టు కోసం పెద్దాయన ఇంత దిగజారాలా? తన దుకాణం పాస్‌వర్డే ఇచ్చేస్తే సరిపోదూ?

ఆ మాట అనబోతుండగా జాబితాలో పద్దెనిమిదో పేరు చేరింది. సబ్రియా.

"వచ్చింది!" మాస్టారు అరచేయి తెరకి ఆనించారు. కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

ఆడమనిషి పేరు! బయ్యూమీ వంటింటి వైపు భయంగా చూశాడు. "ఈ వయసులో ఇదేం పని మాస్టారూ? ఎవరావిడ?" అన్నాడు గుసగుసగా.

"మా అమ్మ."

బయ్యూమీ నాలిక కరుచుకున్నాడు. ఈ పేటలో మగవాళ్లెవరూ తల్లి పేరు బయట చెప్పుకోరు. అది ఆయన తల్లి పేరని అతనికేం తెలుసు?

"పోయి ముప్పై ఏళ్లయిందిలే," అంటూ మాస్టారు ల్యాప్‌టాప్ మూసేశారు. "రౌహియా! ఆకలేస్తోంది. ఆ ఫూల్ వేడి చెయ్యి, ఇతనికి కూడా పెట్టు."

"అదేంటండీ, మూసేశారు? కలపొద్దూ? పాస్‌వర్డ్?"

"నాకెందుకోయ్ పాస్‌వర్డ్?" మాస్టారు బాల్కనీలోంచి వెనక వీధి ఇళ్ల వైపు చూశారు.

"మా అన్న లేచాడు."