అంకెలు ఎవరికీ చెప్పొద్దు

“సిన్యోరా, నేనటు వెళ్ళగానే బ్యాంకు నుంచంటూ ఆ దొంగలు ఫోన్ చేస్తే ఏం చేస్తారు?” సంచీ భుజాన తగిలించుకుంటూ అడిగింది జమీరా.

ముసలావిడ ఫిలొమేనా కాఫీ కప్పులోంచి తలెత్తలేదు. “పెళ్ళయిందా నాయనా అని అడుగుతాను.”

“నవ్వులాట కాదు సిన్యోరా. మెసేజ్‌లో వచ్చే అంకెలు...”

“ఎవరికీ చెప్పను. మేనల్లుడికి చెప్పను, ఫాదర్ గారికి చెప్పను, దేవుడే దిగొచ్చినా చెప్పను. చాలా? దొంగల సంగతేమో గానీ నీ నసతోనే పోయేలా ఉన్నాను. పో, గురువారం సంతలో మంచి కూరంతా ఎత్తుకుపోతారు.”

జమీరా భయం జమీరాది. ఫిలొమేనా భర్త పోయాక చేపల పడవ అమ్మితే వచ్చిన డబ్బంతా ఆవిడ బ్యాంకు ఖాతాలోనే ఉంది. కరెంటు బిల్లులు కట్టుకోవడం తేలికవుతుందని మేనల్లుడు పీనో ఆ బ్యాంకుని తెచ్చి అత్త ఫోన్‌లో పెట్టాడు. పెట్టి, జమీరా వైపు తిరిగాడు.

“ఇందులోంచి ఒక్క యూరో తగ్గినా నేను బ్యాంకు చుట్టూ తిరగను. తిన్నగా పోలీసుల దగ్గరికే వెళ్తాను. ఎవరి పేరు చెబుతానో నీకు తెలుసుగా?”

తెలుసు. మోల్ఫెత్తాలో ఇళ్ళల్లో పనిచేసే అల్బేనియా ఆడమనిషి పేరు చెబితే ఇక వేరే సాక్ష్యం ఎవరూ అడగరు. పైగా ఆమె ఇటలీలో ఉండడానికిచ్చే కాగితాలు రెన్యువల్‌కి వెళ్ళి ఉన్నాయి. ఇప్పుడు మాట వస్తే అంతే సంగతులు. కొడుకుని ఇక్కడికి తెచ్చుకోవాలన్న ఆశ కూడా దాంతోనే పోతుంది.

ఆ కొడుకు ఎర్మాల్ అల్బేనియాలోనే, తిరానా నగరంలో ఏదో కంప్యూటర్ల ఆఫీసులో పనిచేస్తున్నాడు. చదువున్నవాడు. ఈ దొంగల సంగతి ఆమెకి విడమరిచి చెప్పింది వాడే.

“వాళ్ళు ముందు బెదరగొడతారమ్మా. తర్వాత ఇంట్లో మనిషి మీదే అనుమానం పుట్టిస్తారు. అప్పుడు ముసలివాళ్ళు పక్కనున్నవాళ్ళకి కూడా చెప్పుకోరు.”

“ఎంత పాపిష్టి బుద్ధిరా!”

“నువ్వు మాత్రం కంగారుపడి నీ ఇటాలియన్‌లో వాళ్ళతో పోట్లాడకు. నవ్వుతారు.”

వారం వారం ఫోన్‌లో ఇదే మాట. ఆవిడ ఫోన్ ఎక్కడ పెడుతుంది, ఆవిడని ఒంటరిగా ఎప్పుడు వదులుతున్నావు అని తల్లి మీదికి ఏం వస్తుందోనన్నట్టు అన్నీ అడిగేవాడు. ఈ పరాయి ఊళ్ళో తన గురించి ఇంత ఆలోచించే మనిషి వాడొక్కడే అనుకునేది జమీరా.

సంతకి చేరిందన్న మాటే గానీ ఆమె మనసు ఇంట్లోనే ఉంది. వంకాయలు తూయించింది. ఉల్లిపాయలు ఏరుతూ ఏరుతూ చెయ్యి ఆపేసింది. ఏదో జరుగుతోంది. తప్పకుండా జరుగుతోంది.

“ఏం జమీరా, పొయ్యి మీద పాలు పెట్టొచ్చావా?” కూరలమ్మే ఆవిడ వెనక నుంచి అరిచింది. “తూచినవైనా పట్టుకుపో!”

జమీరా వినిపించుకోలేదు. వచ్చిన దారినే పడింది.

మెట్లెక్కి తలుపు తోసేసరికి వంటింట్లోంచి ఫిలొమేనా గొంతు వినిపించింది. రహస్యం చెబుతున్నట్టు చిన్నగా మాట్లాడుతోంది.

“ఒక్కదాన్నే ఉన్నాను బాబూ... అయ్యయ్యో, మా ఇంట్లోంచేనా?... ఆవిడేనా?... నా పళ్ళెంలోంచి తీసి పెట్టాను బాబూ, కన్నకూతురులా చూసుకున్నాను... లేదు లేదు, చచ్చినా చెప్పను. ఆవిడ వచ్చేలోపే కానిచ్చేద్దాం... ఆఁ, మెసేజ్ వచ్చింది. ఉండు, కళ్ళజోడు... నాలుగు... సున్నా... ఏడు...”

“సిన్యోరా! చెప్పొద్దు!”

జమీరా పరుగెత్తింది. కుర్చీ అడ్డొచ్చి పడింది. లేచేసరికి ముసలావిడ ఆఖరి అంకె కూడా చెప్పేసింది. జమీరాని చూసి పర్సు గుండెకి హత్తుకుని గోడ దాకా జరిగింది.

“దగ్గరికి రాకు! ఆ బ్యాంకబ్బాయి అంతా చెప్పాడు. ఎంత మర్యాదస్తుడో! నువ్వేమో, ఇంతకాలం నా ఇంట్లో ఉండి...”

జమీరా ఫోన్ లాక్కుంది. అవతలివాడిని నోరెత్తనివ్వలేదు. వచ్చిన ఇటాలియన్ తిట్లన్నీ తిట్టింది. అవి అయిపోయాక సొంత భాషలోకి దిగింది.

“దొంగవెధవా! ముసలిదాని పడవ మింగావు, చాల్లేదా? ఆ దొంగతనం తెచ్చి నా నెత్తిన ఎందుకు రుద్దావురా? సాయంత్రానికి నన్ను జైల్లో వేస్తారు. నేనేం చేశాను నీకు? నాకూ ఒక కొడుకున్నాడు. రేపు వాడికి నా మొహం ఎలా చూపించను? నీకు అమ్మ లేదురా?”

అవతల ఎక్కడో చాలామంది ఒకేసారి మాట్లాడుతున్న గోల. వాడు ఫోన్ పెట్టెయ్యలేదు. ఊపిరి వినిపిస్తోంది.

ఫిలొమేనా కిటికీ తెరిచి వీధంతా వినేలా అరుస్తోంది. “పీనోని పిలవండి! పోలీసుల్ని పిలవండి!”

“మాట్లాడవేంరా? అడుగుతున్నాను కదా, నీకు అమ్మ లేదా?”

జమీరా సొంత భాషలోనే, చిన్నగా జవాబొచ్చింది.

“గురువారం ఈ వేళకి నువ్వు సంతలో ఉంటావు కదమ్మా!”