పట్టని బండి

“కరెంటు లేదు సుభాషిణీ, జనరేటరు పట్టడంలే! గాలి చక్రాలు ఆగి, నీళ్లలో గాలాడక రొయ్యలు తేలిపోతుండాయి. బైకులో అల్లూరు పోయి మెకానిక్కును తీసుకురా!” రొయ్యల గుంట గట్టు నుంచి మా ఆయన ఫోనులో అరిచాడు.

బైకు స్టార్ట్ కాలేదు. ఉప్పుగాలికి కార్బొరేటరు మూసుకుపోవడం మామూలే. విప్పి, పెట్రోలు చిమ్మే జెట్టు సన్న బెజ్జం ఊది, స్క్రూ సర్దాను. ఎన్ని కిక్కులు కొట్టినా బండి పట్టలేదు.

కార్బొరేటరు మళ్ళీ విప్పి, దాని అడుగు గిన్నెలోని చుక్కను వేళ్ల మధ్య రుద్దాను. జిడ్డు. ఎంతకీ ఆరలేదు. డీజిలు!

పొద్దున బైకుకు పెట్రోలు, జనరేటరుకు డీజిలు ఒకే రకం క్యాన్లు రెంటిలో తెచ్చి, ఒకటి బైకు ఖాళీ ట్యాంకులో పోసి, రెండోది గుంటకు పట్టుకెళ్లింది ఆయనే.

“జనరేటరు తిప్పబాకయ్యా! అందులో పోసింది పెట్రోలు!” ఆయనకు ఫోను కొట్టి అరిచాను.

“మరి డీజిలేదే?”

బైకు ట్యాంకు పైపు పీకి, పొద్దుటి ఖాళీ క్యాను కింద పెట్టాను. డీజిలు సన్నగా కారుతోంది. ఇక క్యాను మోసుకుని గుంట దాకా పరుగెత్తాల్సిందే.