చెప్పే వేళ

“ఇంకెంతసేపు బిడ్డా? దుకాణం తెరవాలె,” అంటూ కిషన్‌రావు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

బీపీ పట్టీ ఆయన జబ్బను గట్టిగా బిగించింది. నిన్న మొదటిసారి జిమ్‌కు వెళ్లొచ్చి, చేతులు లేవక దుకాణం షట్టర్ దించడానికి కూడా తిప్పలు పడ్డాడు.

“జిమ్‌కు పోయే ముందుగాల గిట్ల పట్టీతోని జరసేపు రక్తం ఆపి వదిలితే, కసరత్తు చేసినంక కండలు తక్కువ దెబ్బతింటయట బాపూ,” అంది కూతురు అక్షిత.

“సాఫ్ట్‌వేర్ పిల్లవు, గివన్నీ నీకెట్ల తెలుసు?”

అక్షిత పట్టీ వంకే చూస్తూ చెప్పింది. “నౌకరి మానేసిన. మెహదీపట్నంల ఫిజియోథెరపీ చదువుతున్న.”

ఆయన దిగ్గున లేవబోయాడు. ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది.

“మొయినాబాద్ మొత్తం నీ నౌకరి గురించి చెప్పుకున్న. గీ ముచ్చట గిప్పుడా చెప్పేది?”

“ఇంకెప్పుడు చెప్పాలె? అన్నం కూడా గల్లపెట్టె దగ్గర నిలబడే తింటవ్. ఒక్కసారన్న కూసుంటవేమోనని చూస్తనే ఉన్న.”

కిషన్‌రావుకు కోపం వచ్చింది. కానీ ఆ మాటలో అబద్ధమెక్కడుందో వెతికితే దొరకలేదు.

ఆమె పట్టీలో గాలి వదిలింది. చేయి జివ్వుమంది.

“సేటూ!” షట్టర్ అవతల నుంచి ఎవరో పిలిచారు.

ఆయన లేవలేదు. రెండో చేయి ఆమె ముందుకు చాపి, గట్టిగా కేకేశాడు.

“జర ఆగు! నా బిడ్డ వైద్యం చేస్తున్నది.”