నారాయణి ఎందుకు మునిగింది?

నవల్లో నారాయణి ఏట్లో మునిగిపోయిన రోజున కన్నూరు బీడీ కంపెనీలో పని ఆగిపోయింది. చాత్తు ఏడ్చిన ఏడుపుకి ఒళ్లోని చాటలో పొగాకు తడిసి, ఆనాడు చుట్టిన బీడీలు వారం దాకా అంటుకోలేదంటారు. వారం అన్నది కొంచెం ఎక్కువేమో. నాలుగు రోజులు మాత్రం నిజం.

ఆ కంపెనీలో నలభై మంది బీడీలు చుడతారు. ఒక్కడు చుట్టడు. ఎత్తు కుర్చీలో కూర్చుని పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల పైకి చదివి వినిపిస్తాడు. అతని వంతు బీడీలు మిగతావాళ్లు తలా కాసిని చుట్టి పడేస్తారు. ఇరవై రెండేళ్లుగా ఆ కుర్చీ కుంజంబుది. వేళ్లు కొంకర్లు పోయాయి. కుర్చీ పోతే ఆయనకింక ఏ పనీ లేదు.

చదవడం అయ్యాక అభిప్రాయాలు మొదలవుతాయి. చేతులు ఆకు మీద, నోళ్లు పుస్తకం మీద.

“ఆ కాంట్రాక్టరు గోపాలన్ని నమ్మింది చూడు, అక్కడే పోయింది దాని బతుకు” అంది యశోద.

“నమ్మక ఏం చేస్తుంది? నీలా చాట తీసుకుని కొడుతుందా?” అన్నాడు చాత్తు.

“కొట్టుంటే ఇవాళ బతికుండేది.”

చాత్తుకు రచయిత మీద మహా గురి. “మన మనసులో దూరి రాస్తాడు ఈ ఈశ్వర వారియర్. పడవకి చిల్లు పెట్టేది గోపాలనేనని మంగళవారం నేను అనలా? గురువారానికి అదే తేలలా?”

పవిత్రన్‌కి ఇదంతా గిట్టలేదు. వాడూ బీడీలు చుట్టేవాడే గాని పదో తరగతి పాసయ్యాడు. కుర్చీ మీద కన్నేశాడు.

“నారాయణిని చంపింది రచయిత కాదు, ముసలాయన. చూపు ఆనక సగం పంక్తులు మింగేస్తున్నాడు. ఆ మింగిన పంక్తుల్లో ఎవడో ఈదుకుంటూ వచ్చి ఆమెను బయటికి లాగే ఉంటాడు. ఏదీ, ఆ పుస్తకం ఇటివ్వు.”

“పొగాకు చేతులతోనా?” అంటూ కుంజంబు పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నాడు. “అందరం చందా వేసుకుని కొన్నది నాయనా.”

గొడవ పెరిగింది. యూనియన్ సెక్రటరీ కణారన్ తీర్పు చెప్పాడు. “రాసినాయన్నే పిలుద్దాం. చదివింది సరిగ్గానే ఉందంటే కుర్చీ కుంజంబుదే. ఒక్క మాట తేడా ఉందన్నా పవిత్రన్‌ది.”

ఉత్తరం వెళ్లింది. ఆ రోజు నుంచి కుంజంబు పుస్తకాన్ని చంక దించలేదు.

పదో రోజున వారియర్ బస్సు దిగాడు. బక్క మనిషి, చేతిలో గొడుగు. తన నవలని ఇంతమంది విన్నారంటే ఆయనకే నమ్మకం కుదిరినట్టు లేదు. ఒక్కొక్కరినీ తేరిపార చూశాడు.

యశోద మొదలుపెట్టింది. “మాష్టారూ, మీకు ఆడపిల్లలున్నారా? ఉంటే నారాయణిని అట్లా ఏట్లో ముంచడానికి చేతులెట్లా వచ్చాయి?”

వారియర్ ఆమె వంక చూశాడు. కుర్చీ వంక చూశాడు. అక్కడ కుంజంబు పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని, వానకి తడిసిన కోడిలా ముడుచుకుని ఉన్నాడు.

“కాసిని మంచినీళ్లు” అన్నాడు వారియర్. తాగి, మూతి తుడుచుకుని, “కావాలని ముంచలేదమ్మా. నా చెయ్యి దాటిపోయింది” అన్నాడు.

“పడవకి చిల్లు పెట్టింది గోపాలనే కదూ?” చాత్తు అడిగాడు.

“మీకేమనిపించింది?”

“గోపాలనే.”

“అయితే గోపాలనే.”

చాత్తు, నవల తనే రాసినట్టు అందరి వంకా చూశాడు.

గంటన్నర ఇదే వరస. గోపాలన్ని జైల్లో వెయ్యాలన్నారు కొందరు. ఆ చిల్లు పడవకే కట్టేసి ఏట్లో ఈడ్చమన్నారు యశోదా, ఇంకొందరూ. వారియర్ అందరినీ “ఆ తరవాత?” అని అడిగాడు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి అన్నీ రాసుకున్నాడు. ఇంత వినయమున్న రచయితని అక్కడెవరూ చూడలేదు.

పవిత్రన్ ఓపిక పట్టలేకపోయాడు. “ఇవన్నీ తరవాత. ముసలాయన ఒక పేజీ చదవాలి. తప్పో ఒప్పో మాష్టారు చెప్పాలి.”

కుంజంబు పుస్తకం తెరిచాడు. గొంతెత్తి చదివాడు. పడవలో నీళ్లు చీలమండ దాకా వచ్చాయి, మోకాలి దాకా వచ్చాయి. నారాయణి ముందు బడిపిల్లలు ముగ్గురినీ ఒడ్డుకి విసిరింది. తరవాత తెడ్డు విసిరింది. తెడ్డు పక్కింటివాళ్లది, రేపు వాళ్లకి కావాలి. ఆ తరవాత విసరడానికి ఏమీ మిగల్లేదు.

చాత్తు పొగాకు మళ్లీ తడిసింది. వారియర్ కళ్లజోడు తీసి పంచె కొంగుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

“అక్షరం తేడా లేదు” అన్నాడు లేచి. “నేనెట్లా రాయాలనుకున్నానో అట్లాగే ఉంది.”

పవిత్రన్ తల దించుకుని ఆకు కత్తిరించసాగాడు. ఆ పూట కుంజంబు వంతు బీడీలన్నీ వాడి చేతే చుట్టించారు.

వెళ్లేముందు వారియర్ ఒక్కటే కోరాడు. “ఈ పుస్తకం నాకిచ్చెయ్యండి. గుర్తుగా దాచుకుంటాను.” కణారన్ మురిసిపోయి దాన్ని పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు.

సాగనంపడానికి కుంజంబు వెంట నడిచాడు. బస్సొచ్చింది. వారియర్ మెట్టు మీద ఒక కాలు పెట్టి, వెనక్కి వంగి ముసలాయన చెవిలో అన్నాడు:

“నా నవల్లో ఏరూ లేదు, పడవా లేదు, నారాయణీ లేదు గాని, నువ్వు రెండో భాగం ఎప్పుడు మొదలుపెడతావో ఒక కార్డు ముక్క రాయి పెద్దాయనా, నేనూ వచ్చి ఓ మూల కూర్చుంటాను.”